ఉండనివ్వండి

ప్రూఫులు దిద్దేవాళ్ళకి 'స్టెట్' అనే గుర్తు తెలుసు. ఒక మాట కొట్టేశాక, 'కాదులే, ఇది ఉంటేనే బాగుంది' అనిపిస్తే, కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెట్టి, పక్క మార్జిన్లో ఈ మాట రాస్తారు. లాటిన్ మాట. 'ఉండనివ్వండి' అని అర్థం. దాదాపు యాభై ఏళ్ళ పాటు ఇతరుల రాతల్ని దిద్దిన ఒక ఇంగ్లీషు ఆవిడ, ఎనభై రెండేళ్ళ వయసులో తన ఉద్యోగ జీవితం గురించి పుస్తకం రాసి దానికి ఈ మాటే పేరుగా పెట్టింది. తను పోతే తన బుర్రలో ఉన్నదంతా తనతోనే చెరిగిపోతుంది కదా, కొంతైనా ఉండనిద్దాం అనుకుందట. ఆవిడ పేరు డయానా అథిల్. ఆ పుస్తకం 2000లో వచ్చింది.

వి.ఎస్. నైపాల్ పేరు మనవాళ్ళలో చదివే అలవాటున్న ప్రతివాళ్ళకీ తెలుసు. జీన్ రీస్ పేరు ఇంగ్లీషు ఎమ్మే చదివిన వాళ్ళకి తెలుసు. ఈ ఇద్దరి రాతప్రతులూ మొట్టమొదట చేరిన బల్లల్లో ఒకటి ఎవరిదో చాలామందికి తెలీదు. తెలియకపోవడం వింత కాదు. ఎడిటర్ పని బాగా చేస్తే అది కనపడదు. మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ అంతే. ఒకడు రాసిన ప్రోగ్రాముని ఇంకొకడు కూర్చుని, లైను తర్వాత లైను చదివి, 'ఇక్కడ ఇది కూలిపోతుంది' అని చెప్తాడు. కూలిపోని ప్రోగ్రాముని చూసి వాడిని ఎవరూ మెచ్చుకోరు. ఇరవై ఏళ్ళుగా రెండు వైపులా కూర్చున్నవాణ్ణి కాబట్టి, అథిల్ పుస్తకాలు చదువుతుంటే ఆవిడ పనిమీద నాకు కొంచెం ఎక్కువే ఆసక్తి కలిగింది.

ఆవిడ 1917 డిసెంబర్ 21న లండన్‌లో పుట్టింది. తండ్రి సైన్యంలో అధికారి. బాల్యం చాలావరకు నార్ఫోక్‌లోని డిచింగ్‌హమ్ హాల్ అనే పెద్ద బంగళాలో గడిచింది. అది అమ్మమ్మ వాళ్ళది. గుర్రాలు, తోటలు, నౌకర్లు, ఒక గదినిండా పుస్తకాలు. మన భాషలో చెప్పాలంటే జమీందారీ ఇల్లు. కానీ డబ్బు తాతగారి తరంతోనే పల్చబడుతూ వచ్చింది. ఆడపిల్లలు చదువుకుని ఉద్యోగం వెతుక్కోవాల్సిన పరిస్థితి అన్నమాట. ఆక్స్‌ఫర్డ్‌లో లేడీ మార్గరెట్ హాల్ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివి 1939లో బయటికొచ్చింది. అంటే సరిగ్గా యుద్ధం మొదలైన ఏడాది.

ఆ మధ్యలో ఒక సంగతి జరిగింది. తమ్ముడికి పాఠాలు చెప్పడానికి వచ్చిన ఒక కుర్రవాడిని పదిహేనేళ్ళ వయసులోనే ప్రేమించింది. అతను తర్వాత వైమానిక దళంలో పైలట్ అయ్యాడు. పెళ్ళి నిశ్చయమైంది. అతన్ని ఈజిప్టుకి వేశారు. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. రెండేళ్ళపాటు ఒక్క ముక్క కూడా లేదు. చివరికి ఒక పొడి ఉత్తరం వచ్చింది. తను వేరే అమ్మాయిని పెళ్ళి చేసుకోబోతున్నాననీ, నిశ్చితార్థం నుంచి తనని విడుదల చెయ్యమనీ. ఆ పెళ్ళి చేసుకున్న కొంతకాలానికే అతను యుద్ధంలో చనిపోయాడు. ఈ దెబ్బనుంచి కోలుకోవడానికి ఆవిడకి ఇరవై ఏళ్ళు పట్టింది. తను ఆడదానిగా ఓడిపోయానన్న నమ్మకం ఎముకల్లోకి దిగిపోయిందని తర్వాత తనే రాసుకుంది. యుద్ధకాలమంతా బి.బి.సి.లో వార్తల విభాగానికి సమాచారం వెతికిపెట్టే ఉద్యోగం చేసింది.

1943లో ఒక విందులో ఆండ్రే డాయిచ్ అనే అతను పరిచయమయ్యాడు. హంగరీ నుంచి వచ్చిన యూదుడు. బుడాపెస్టులో పుట్టాడు. యుద్ధం మొదలయ్యాక బ్రిటిషువాళ్ళు శత్రుదేశపు పౌరుడని కొన్నాళ్ళు ఐల్ ఆఫ్ మాన్‌లో నిర్బంధించారు కూడా. ఇద్దరి మధ్యా కొద్దికాలం ప్రేమ నడిచింది. అది తొందరగానే చల్లారిపోయి జీవితాంతపు స్నేహంగా మిగిలింది. యుద్ధం అయిపోగానే అతను ప్రచురణ సంస్థ పెడతానన్నాడు, నువ్వూ రా అన్నాడు. 1945లో అలన్ వింగేట్ అనే పేరుతో మొదలుపెట్టారు. (తన పేరు పెడితే జర్మన్ పేరని జనం ముఖం చిట్లిస్తారని భయం.) కాగితం రేషన్లో దొరికే రోజులు. చేతిలో డబ్బు లేదు.

వాళ్ళని నిలబెట్టిన పుస్తకం నార్మన్ మెయిలర్ యుద్ధ నవల 'ది నేకెడ్ అండ్ ది డెడ్'. సైనికుల నోట బూతులు యథాతథంగా ఉన్నాయని లండన్‌లో పేరున్న ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిప్పి పంపారు. నిజానికి అమెరికాలోనే ఆ ముఖ్యమైన మాటకి స్పెల్లింగు మార్చి, ఎవరికీ అర్థం కానట్టు అందరికీ అర్థమయ్యేట్టు అచ్చువేశారు. 1949లో వింగేట్ దాన్ని తెచ్చేసరికి ఒక పెద్ద ఆదివారపు పత్రిక సంపాదకుడు మొదటి పేజీలో ధ్వజమెత్తాడు. వ్యవహారం పార్లమెంటు దాకా వెళ్ళింది. అటార్నీ జనరల్ తనకి పుస్తకం నచ్చలేదుగానీ నిషేధించే ఉద్దేశం లేదని చెప్పాడు. అంతటి ఉచిత ప్రచారం తర్వాత అమ్మకాల గురించి వేరే చెప్పక్కర్లేదు.

పుస్తకం నిలబెట్టినా సంస్థ చేతిలో నిలవలేదు. పెట్టుబడి పెట్టినవాళ్ళు డాయిచ్‌నే బయటికి నెట్టారు. ఈసారి అతను ధైర్యం చేసి సొంతపేరే పెట్టుకున్నాడు. 1952లో ఆండ్రే డాయిచ్ లిమిటెడ్ పుట్టింది. అథిల్ అందులో డైరెక్టరు. కొన్నాళ్ళకి బ్రిటిష్ మ్యూజియం పక్కన గ్రేట్ రస్సెల్ స్ట్రీట్‌లో ఆఫీసు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ కేటలాగు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అప్డైక్, రిచ్లర్, బ్రయన్ మూర్, సిమోన్ ద బోవా, మొదటిరోజుల్లో ఫిలిప్ రాత్. ఇంత చిన్న సంస్థకి ఇన్ని పేర్లు ఎలా దొరికాయంటే, పెద్దవాళ్ళు అక్కర్లేదన్న వాటిని వీళ్ళు చదివేవాళ్ళు. అంతకంటే రహస్యం లేదు. డాయిచ్ పిసినారి. గదిలో ఎవరూ లేకపోతే లైటు ఆర్పుతూ తిరిగేవాడట. జీతాలూ ఆ లెక్కనే ఉండేవి. అందులోనూ ఆడవాళ్ళ జీతాలు మరీను. సంస్థ పుట్టుక నుంచీ ఉన్న డైరెక్టరు, చివరిదాకా చాలా తక్కువ జీతానికే పనిచేసింది. ఎందుకు ఊరుకున్నావంటే, కొంత బద్ధకం, కొంత పెంపకం, పనిలో ఉన్న సరదా అని ఆవిడ సమాధానం. నాకిది పూర్తిగా మింగుడుపడదు. అవసరమైతే చుట్టాలున్నారు, లండన్‌లో బంధువు ఇంట్లో చవగ్గా ఉండే చోటుంది. ఆ దన్ను లేని టైపిస్టు అమ్మాయికి ఆ సరదా సరిపోదు కదా.

అసలు ఎడిటర్ ఏం చేస్తుంది? అథిల్ చెప్పే ఉదంతం ఒకటుంది. తాహితీ దీవిని యూరపువాళ్ళు ఎలా కనిపెట్టారన్న విషయం మీద ఒకాయన పుస్తకం పంపాడు. విషయం ఆయనకి తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలీదు. కానీ ఒక్క వాక్యం సరిగా రాయడం రాదు. బయటి ఎడిటర్‌కి డబ్బిచ్చి బాగుచేయించమంటే ఆయన ఒప్పుకున్నాడు. తిరిగొచ్చిన ప్రతి చూస్తే బాగుపడిందేమీ లేదు. ఇక ఈవిడే కూర్చుంది. ఒక్క వాక్యాన్ని కూడా వదలకుండా మొత్తం మళ్ళీ రాసింది. ప్రతి అధ్యాయాన్నీ ఆయనకి పంపడం, ఆయన గొణుగుతూ ఒప్పుకోవడం. మెలితిరిగిన కాగితపు పొట్లాన్ని విప్పుతుంటే లోపల దాక్కున్న వస్తువు బయటపడినంత ఆనందంగా ఉండేదట ఆ పని. పుస్తకం వచ్చింది. ఒక సాహిత్య పత్రిక మెచ్చుకుంటూ సమీక్ష రాసింది. వచనం బాగుందని కూడా అన్నది. వెంటనే ఆ పెద్దమనిషి దగ్గర్నుంచి ఉత్తరం. కృతజ్ఞతలు చెప్తాడేమోనని విప్పింది. చూశారా, నా వచనం గురించి ఏమన్నారో, మీరు చేసిన ఆ హడావిడంతా అనవసరమని నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను, అన్నది సారాంశం. ఆవిడ పగలబడి నవ్వుకుని, ఎడిటర్ ఎప్పుడూ కృతజ్ఞత ఆశించకూడదనీ, మంత్రసాని లాంటిదనీ తేల్చుకుంది. బిడ్డ బాగుందని ఎవరైనా అంటే ఆ మెప్పు తల్లికే పోవాలి.

ఇది చదివినప్పుడు నాకు కొడవటిగంటి కుటుంబరావుగారు గుర్తొచ్చారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా 'చందమామ'ని నడిపించిన చెయ్యి ఆయనది. ఎక్కడెక్కడినుంచో వచ్చిన కథల్ని మళ్ళీ రాసి ఆ నీళ్ళలాంటి తెలుగులోకి దించింది ఆయన. సంపాదకుడిగా ఆయన పేరు పత్రిక మీద ఉండేది కాదు. మా తరం చదవడం నేర్చుకున్నదే ఆ వచనం మీద. ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకునేటప్పటికి మాలో చాలామందికి మీసాలొచ్చాయి.

సరే, నైపాల్ దగ్గరికి వద్దాం. తాతల కాలంలో ఉత్తర భారతం నుంచి ట్రినిడాడ్ చెరుకు తోటలకి కూలీలుగా వెళ్ళిన కుటుంబం. 1932లో పుట్టాడు. స్కాలర్‌షిప్ మీద 1950లో ఆక్స్‌ఫర్డ్‌కి వచ్చాడు. చదువయ్యాక బి.బి.సి.లో కరీబియన్ కార్యక్రమంలో గంటల లెక్కన పని. అక్కడి ఫ్రీలాన్సర్ల గదిలో కూర్చుని 1955లో తన చిన్ననాటి వీధి గురించి కథలు రాశాడు. అదే 'మిగెల్ స్ట్రీట్'. జమైకా రచయిత ఆండ్రూ సాల్కీ ద్వారా ఆ రాతప్రతి అథిల్‌కి చేరింది. ఆవిడకి తెగ నచ్చింది. సంస్థకి సాహిత్య సలహాదారు అయిన ఫ్రాన్సిస్ విండమ్‌కి కూడా. డాయిచ్ మాత్రం అడ్డం తిరిగాడు. కథలు అమ్ముడుపోవు, అందులో పేరులేని వెస్టిండియన్ కుర్రాడి కథలు అసలే పోవు, ముందు నవల రాయమనండి అన్నాడు. అప్పటికే నైపాల్ ఒక నవల రాస్తున్నాడు. అలా 'ది మిస్టిక్ మాసూర్' 1957లోను, రెండో నవల 1958లోను వచ్చాక, మొదట రాసిన 'మిగెల్ స్ట్రీట్' మూడో పుస్తకంగా 1959లో వచ్చింది. రెండేళ్ళ తర్వాత 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్'. సొంతిల్లు కోసం జీవితమంతా పాకులాడిన ఒక పత్రికా విలేఖరి కథ. అసలు మనిషి నైపాల్ తండ్రే. కోరంగి రేవు నుంచి మారిషస్‌కీ, మద్రాసు నుంచి నేటాల్‌కీ ఓడలెక్కిన మన తెలుగు కూలీల గురించి ఎంత వెతికినా దొరకని వివరాలు, వాళ్ళు ఏం తిన్నారో, ఎలా పోట్లాడుకున్నారో, ఏ దేవుణ్ణి ఎలా మొక్కారో, ఆ నవల చదువుతుంటే కొంత ఊహకందుతాయి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో లండన్‌లో కరీబియన్ నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చిన యువ రచయితకి ప్రచురణకర్త దొరకడం, అక్కడే పుట్టిన తెల్లవాడికి దొరకడం కంటే బహుశా తేలికేనని అథిల్ మొహమాటం లేకుండా ఒప్పుకుంది. సామ్రాజ్యం అప్పుడే కూలుతోంది. కొంత పశ్చాత్తాపం, కొంత కుతూహలం. సమీక్షలు వచ్చేవి. పుస్తకాలు మాత్రం అంతగా అమ్ముడయ్యేవి కావు. కుతూహలం తీరిపోగానే సమీక్షలూ తగ్గాయి. అప్పుడూ డాయిచ్ సంస్థ వదల్లేదు. మైకేల్ ఆంథనీ లాంటి ట్రినిడాడ్ నవలాకారుల్ని వేసింది. బానిస వ్యాపారం మీద ఎరిక్ విలియమ్స్ రాసిన చరిత్ర గ్రంథం 'కాపిటలిజం అండ్ స్లేవరీ'కి, అమెరికాలో వచ్చిన ఇరవై ఏళ్ళకి, 1964లో బ్రిటన్‌లో ముద్రణ దొరికింది వీళ్ళ దగ్గరే.

నైపాల్ రాతప్రతుల్లో దిద్దడానికి ఏమీ ఉండేది కాదట. కామా కూడా కదిలించక్కర్లేదు. ఆవిడ పనల్లా వినడం, మెచ్చుకోవడం, అమ్మకాలు లేవని అతను కుంగిపోయినప్పుడు ధైర్యం చెప్పడం. పద్దెనిమిదేళ్ళు ఇలా నడిచాక 'గెరిల్లాస్' వచ్చింది. ట్రినిడాడ్‌లో నిజంగా జరిగిన హత్యల నీడలో రాసిన నవల. ఆ ఘటనల్లో చనిపోయిన ఇంగ్లీషు అమ్మాయీ, ఆమెతో తిరిగిన హకీం జమాల్ అనే నల్ల అమెరికనూ అథిల్‌కి వ్యక్తిగతంగా తెలుసు. జమాల్ పుస్తకాన్ని వాళ్ళే వేశారు. నవల్లో పాత్రలు నమ్మేట్టు లేవని ఆవిడకి అనిపించింది. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించింది. ఇన్నాళ్ళూ మెచ్చుకుంటూ వచ్చిన నోటితో ఇప్పుడు అబద్ధం చెప్తే, వెనకటి మెప్పులకి విలువేముంది? చెప్పింది. నైపాల్ మర్యాదగా విన్నాడు, తనకు చేతనైనంత చేశానన్నాడు, వెళ్ళిపోయాడు. ఆ వెంటనే అతని ఏజెంట్ నుంచి కబురు. నైపాల్ వేరే సంస్థకి వెళ్ళిపోతున్నాడని.

మొదట ఒళ్ళు మండింది. కాసేపటికి భుజం మీద బరువేదో దిగినట్టయింది. ఇక ఆ మనిషిని ఇష్టపడాల్సిన అవసరం లేదు! ఈ తెరిపి ఎక్కువ రోజులు నిలవలేదు. కొత్త ప్రచురణకర్త తన కేటలాగులో అతన్ని వెస్టిండియన్ నవలాకారుడని పరిచయం చేశాడట. నైపాల్‌కి అంతకంటే అవమానం లేదు. తిరిగి డాయిచ్ దగ్గరికే వచ్చేశాడు. 'గెరిల్లాస్' 1975లో వాళ్ళ పేరుమీదే వచ్చింది. నోబెల్ బహుమతి 2001లో. 1971లో బుకర్ తెచ్చిన పుస్తకం కూడా డాయిచ్‌దే.

దిద్దక్కర్లేని రచయితకి ఎడిటర్ చేసిన ఒకే ఒక్క విమర్శ, ఆ సంబంధాన్నే తెంపబోయింది. తెలుగులో ఈ పరిస్థితి రాదు. ఎందుకంటే మన దగ్గర తెంచుకోవడానికి ఎడిటరంటూ ఉండాలి కదా. వారపత్రికలు వెలిగిన రోజుల్లో పురాణం సుబ్రహ్మణ్యశర్మగారి లాంటి సంపాదకులు కథ మీద చెయ్యి వేసేవారు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి అదీ లేదు. రచయితే డబ్బు పెట్టుకుంటాడు, రచయితే ప్రూఫులు చూసుకుంటాడు, స్నేహితుడొకాయన ముందుమాట రాస్తాడు, ఆవిష్కరణ సభలో శాలువా కప్పుతారు. అమెరికాలో ఉన్న మనకి డాలర్ల వల్ల అచ్చు మరింత తేలికైంది. డబ్బు లేకపోవడం వల్ల ఆగిపోయిన తెలుగు పుస్తకాలు ఎన్ని ఉన్నాయో, 'ఈ మూడో అధ్యాయం తీసెయ్యండి సార్' అని చెప్పేవాళ్ళు లేక చెడిపోయిన పుస్తకాలూ అన్ని ఉన్నాయని నా అనుమానం.

జీన్ రీస్ కథ పూర్తిగా వేరు. కరీబియన్‌లోని డొమినికా దీవిలో 1890లో పుట్టిన తెల్ల అమ్మాయి. యూరపుకొచ్చి, కష్టాలుపడి, 1927 నుంచి 1939 లోపల ఐదు పుస్తకాలు రాసి మాయమైపోయింది. చనిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1957లో బి.బి.సి. ఆవిడ నవలనొకదాన్ని రేడియోకి మార్చి ప్రసారం చేసినప్పుడు బతికే ఉందని లోకానికి తెలిసింది. విండమ్ ఉత్తరం రాశాడు. కొత్త నవల రాస్తున్నానని జవాబొచ్చింది. డాయిచ్ సంస్థ పాతిక పౌన్లు ఇచ్చి ఆ నవల మీద హక్కు అడిగింది. పాతికే. అథిల్ తర్వాత చాలాకాలం సిగ్గుపడింది ఆ అంకె గురించి. ఆరు నుంచి తొమ్మిది నెలల్లో ఇస్తానంది రీస్. తొమ్మిదేళ్ళు పట్టింది.

నవల 'వైడ్ సర్గాసో సీ'. షార్లెట్ బ్రాంటీ 1847లో రాసిన 'జేన్ ఐర్'లో అటక మీద గదిలో బంధించిన పిచ్చిభార్య ఒకామె ఉంటుంది, జమైకా నుంచి తెచ్చినామె. ఆ పిచ్చిది ఎవరు, ఎలా అయింది అని ఆమె వైపు నుంచి చెప్పిన కథ. డెవన్‌లో ఒక పల్లెలో, చలికి వణుకుతూ, జబ్బుపడ్డ భర్తకి చేస్తూ, తాగుతూ, రాస్తూ, చించేస్తూ గడిపింది రీస్. అథిల్ ఉత్తరాలు రాస్తూ వచ్చింది. దిద్దుబాటు అంటూ చేసింది ఒకే ఒక్క సూచన. పెళ్ళైన మరుక్షణమే ఆ దంపతుల కాపురం చెడిపోతోంది, కొన్ని వారాలైనా వాళ్ళని సుఖంగా ఉండనిస్తే ఆ తర్వాత పడిపోవడం ఇంకా నమ్మదగ్గదిగా ఉంటుంది కదా అని. రీస్ ఆలోచించింది, సరేనంది. నవలలో గుండె పట్టుకునే భాగం ఆ కొద్ది వారాలే.

1964 నవంబర్‌లో నవల దాదాపు పూర్తయింది. కొన్ని వాక్యాలు చెప్పి రాయించడానికి రీస్ లండన్ వచ్చింది. షాంపేన్ తాగి పండగ చేసుకుందామనుకున్నారు. ఆవిడకి గుండెపోటు వచ్చింది. ఆస్పత్రి మంచం మీద నుంచి అథిల్ చేత ఒట్టు వేయించుకుంది. తను ఒప్పుకునేదాకా ఆ ప్రతిని అచ్చువెయ్యకూడదని. చెయ్యి పట్టుకుని అడిగితే ఏమంటారు? సరేనంది. తీరా ప్రతి చదివితే, మిగిలిపోయినవి రెండు మూడు వాక్యాలు. అవి లేకపోయినా పాఠకుడికి లోటు తెలియదు. రచయిత్రికి డెబ్భై నాలుగేళ్ళు, గుండెజబ్బు. రేపే పోవచ్చు. అచ్చువేస్తే డబ్బూ పేరూ ఆ చలిగుడిసెకి వెంటనే చేరతాయి.

అథిల్ ఆ ప్రతిని సొరుగులో పెట్టింది. పదహారు నెలలపాటు ముట్టుకోలేదు. ఆవిడ స్థానంలో నేనుంటే ఏదో సాకు వెతికేవాణ్ణనుకుంటాను. 1966 మార్చిలో రీస్ భర్త చనిపోయాడు. ఆ తర్వాత రీస్ నుంచి ఉత్తరం వచ్చింది. ఇక తీసుకోండి, అయిపోయింది అని. అక్టోబర్‌లో పుస్తకం వచ్చింది. బహుమతులు, కీర్తి. డెబ్భై ఆరేళ్ళ వయసులో. చాలా ఆలస్యంగా వచ్చాయని రీస్ గొణిగింది, ఆ మాట నిజమే. 1979లో చనిపోయేదాకా, దాదాపు పదమూడేళ్ళు, ఆ ముసలావిడకి బట్టలు కొనిపెట్టడం, లండన్‌లో బస చూడటం, తాగి తిడితే పడటం, ఈ పనులన్నీ అథిల్‌వే. ఇదంతా ఎడిటర్ ఉద్యోగంలో భాగమా అంటే, ఏ కాంట్రాక్టులోనూ లేదు.

ఈ పనులతోపాటు గిటా సెరెనీ రాసిన 'ఇంటూ దట్ డార్క్‌నెస్' (1974) కూడా ఆవిడ చేతుల మీదుగానే వచ్చింది. లక్షల మందిని చంపిన ట్రెబ్లింకా శిబిరం అధికారి ఫ్రాంజ్ స్టాంగల్‌ని జైల్లో గంటలకొద్దీ కూర్చోబెట్టి మాట్లాడించి రాసిన పుస్తకం. చివరి సంభాషణ అయిన మర్నాడే అతను గుండె ఆగి చనిపోయాడు. తను పనిచేసిన పుస్తకాలన్నిట్లోకీ తన మనసుని ఎక్కువగా మార్చింది అదేనని అథిల్ అభిప్రాయం.

ఇంతమంది రాతల మధ్య తన రాత ఎప్పుడు మొదలైంది? నలభై ఏళ్ళు దాటాకనే. 1958లో, ఎందుకో తెలియకుండా ఒక కథ రాసింది, తర్వాత వరసగా ఎనిమిదో తొమ్మిదో. వాటిలో ఒకటి 'అబ్జర్వర్' పత్రిక పోటీలో మొదటి బహుమతి గెల్చుకుంది. ఆ ఊపులో తన మొదటి ప్రేమ గురించిన నిజాన్ని నిజంగానే రాసేసింది. 'ఇన్‌స్టెడ్ ఆఫ్ ఎ లెటర్' 1963లో వచ్చింది. రాయడం అయిపోయేసరికి, ఇరవై ఏళ్ళుగా మోస్తున్న ఓటమి ఎటుపోయిందో కనబడలేదట. 1967లో ఒక నవల. ఆ తర్వాత చాలాకాలం అడపాదడపా మాత్రమే. డెబ్భై అయిదేళ్ళకి 1993లో ఉద్యోగం మానింది. ఎనభై దాటాక 'స్టెట్'. తొంభైలో, 2008లో, ముసలితనం గురించి 'సమ్‌వేర్ టువర్డ్స్ ది ఎండ్' రాస్తే కోస్టా బహుమతి, అమెరికాలో విమర్శకుల సంఘం బహుమతి. ముసలితనం, కోరికలు ఒక్కొక్కటిగా రాలిపోవడం, దేవుడు లేకుండా చావుకి సిద్ధపడటం, వీటి గురించి ఇంత తేటగా రాసినవాళ్ళు ఏ భాషలోనూ ఎక్కువమంది లేరు. తనతో నలభై ఏళ్ళు ఉన్న జమైకా నాటకకర్త బారీ రెకర్డ్ గురించి, వాళ్ళ సంసారం చూసి లోకం ఏమనుకుందన్నది పట్టించుకోకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ తర్వాత హైగేట్‌లో ఒక వృద్ధాశ్రమంలో చిన్నగదికి మారింది. పట్టినన్ని పుస్తకాలు తీసుకెళ్ళింది, మిగతావి పంచేసింది. 2019 జనవరి 23న, నూట ఒక్క ఏళ్ళ వయసులో, పోయింది.

ఆవిడ పుస్తకాల్లో నన్ను ఇబ్బందిపెట్టేది ఒకటుంది, 1986 నాటి 'ఆఫ్టర్ ఎ ఫ్యూనరల్'. వగీ ఘాలీ అనే ఈజిప్టు రచయిత ఒకే ఒక్క నవల, 'బీర్ ఇన్ ది స్నూకర్ క్లబ్', 1964లో డాయిచ్ ద్వారా ప్రచురించాడు. నాసర్ కాలపు కైరో మీద నవ్విస్తూ బాధపెట్టే పుస్తకం. దేశం వదిలి, పాస్‌పోర్టు లేక, జర్మనీలో చిల్లర ఉద్యోగాలు చేస్తున్నవాణ్ణి అథిల్ తన ఫ్లాటుకి రమ్మంది. 1966 నుంచి అక్కడే ఉన్నాడు. జూదం, తాగుడు, అప్పులు, దిగులు. ఒకరోజు అతను బల్ల మీద వదిలేసిన డైరీ ఆవిడ చదివింది. తన గురించే ఉంది, అసహ్యించుకుంటూ. తన తిండి తింటూ, తన శరీరం అంటే ఎంత వెగటో రాసుకున్నాడు. అయినా పొమ్మనలేదు. 1968 డిసెంబర్ 26 రాత్రి అదే ఫ్లాటులో నిద్రమాత్రలు మింగి, 1969 జనవరిలో ఆస్పత్రిలో చనిపోయాడు. డైరీలు ఆవిడకే వదిలి వెళ్ళాడు, కావాలంటే ఎడిట్ చేసి ప్రచురించమని.

ఆవిడ ఆ డైరీలని ప్రచురించలేదు. పదిహేడేళ్ళ తర్వాత వాటి ఆధారంగా తన పుస్తకం రాసింది. అతనికి వేరే పేరు పెట్టింది. ఇది సరైన పనేనా? రీస్ రెండు మూడు వాక్యాల కోసం పదహారు నెలలు ఆగిన మనిషి, ఇక్కడ రచయిత మాటల్ని పక్కన పెట్టి తన మాటల్ని ముందు పెట్టింది. తననీ వదలకుండా రాసిందన్నది నిజం. దయ చూపిస్తున్నానని మురిసిపోయిన తన ముఖాన్ని కూడా అద్దంలో చూపించింది. కానీ అది ఆవిడ ఎంచిన వాక్యాల్లో ఉన్న ఘాలీ. చాలాకాలం పాఠకులకి దొరికిన ఘాలీ అతనొక్కడే. అసలు డైరీలు రెండు సంపుటాలుగా 2016, 2017లలో కైరోలోని అమెరికన్ యూనివర్సిటీ ప్రెస్ తెచ్చింది. అప్పటికి అథిల్ బతికే ఉంది. ఇప్పుడు ఆవిడ రాసిందీ, అతను రాసుకున్నదీ పక్కపక్కన పెట్టుకుని ఎవరికి వాళ్ళు చదువుకోవచ్చు.